చిన్నికి: గాల్వేనా, కార్కా?

చిన్నీ,

వాట్సాప్‌లో పెడితే రెండు నీలం టిక్కులు పడతాయి తప్ప జవాబు రాదు. అందుకని ఉత్తరంలాగే మెయిల్ రాస్తున్నాను. మీ నాన్నగారు పక్కన కూర్చుని అచ్చుతప్పులు చూస్తున్నారు. ఇక్కడ అందరం బాగున్నాం. బుజ్జిగాడికి జ్వరం తగ్గింది. మేడమీద గదివాళ్లు ఖాళీ చేశారు, రంగులు వేయించాలి.

ఇన్నాళ్లకి గ్రూపులో నువ్వు పెట్టింది ఒక్క ముక్క. మీ ఐర్లాండ్‌లో లాంగ్ వీకెండ్‌కి డబ్లిన్ నుంచి గాల్వే ఊరెళ్లాలా, కార్క్ ఊరెళ్లాలా అని. అడిగి మళ్లీ మాయమైపోయావు. మీ అన్నయ్య నవ్వు బొమ్మ పెట్టాడు, విజయత్త దణ్ణం బొమ్మ పెట్టింది. ఒక్కళ్లూ జవాబు చెప్పలేదు కనక నేను చెబుతున్నాను. గాల్వే వెళ్లండి.

కార్క్ వద్దనడానికి వేరే కారణం ఏమీ లేదు. అక్టోబరు బ్యాంక్ హాలిడేకి అక్కడ జాజ్ ఫెస్టివల్. 1978లో మొదలైందిట. ఊరంతా జనమే, హోటల్ గది దొరకడమే కష్టం, దొరికినా రేటు మండిపోతుంది. ఇద్దరూ కూర్చుని నెమ్మదిగా మాట్లాడుకోవడానికి అది చోటు కాదు. మాట్లాడుకోవాల్సింది ఏమైనా ఉంటేనే అంటున్నాను. లేకపోతే హాయిగా పాటలు వినండి.

దూరం అనడానికి లేదు. రెండింటికీ డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌లోనే రైలెక్కాలి, రెండింటికీ ఇంచుమించు రెండున్నర గంటలే. గాల్వేలో రైలు దిగి బయటికొస్తే ఎదురుగా ఎయిర్ స్క్వేర్. అక్కణ్ణించి షాప్ స్ట్రీట్, క్వే స్ట్రీట్ మీదుగా నడుచుకుంటూ పోతే స్పానిష్ ఆర్చ్, కారిబ్ నది సముద్రంలో కలిసేది అక్కడే. కారు అక్కర్లేదు, పార్కింగ్ కోసం మొహాలు మాడ్చుకోవడం ఉండదు. సాయంత్రం సాల్ట్‌హిల్‌లో సముద్రం ఒడ్డునే నడవండి. ఆ దారి చివర గోడని కాలితో ఒక్క తన్ను తన్ని వెనక్కి తిరగడం ఆ ఊరి ఆనవాయితీ. ఎవరి మీద కోపమున్నా దాని మీద చూపించేసి రావచ్చు.

సముద్రం ఒడ్డున ఉన్న మోహర్ కొండలకి మాత్రం పొద్దున్న వాతావరణం చూసుకున్నాకే టికెట్ కొనండి. రెండువందల మీటర్ల పైచిలుకు ఎత్తట. మేమొచ్చినప్పుడు ఏం చూశాం? మంచు. బస్సులో అంతసేపు పోయి తెల్లటి గోడలాంటి మంచు చూసి, టీ తాగి వచ్చాం. అరన్ దీవులకి గాల్వే రేవు నుంచి వెళ్లే పడవ వేసవి అయ్యాక ఉండదు, రొసవీల్ దాకా బస్సులో పోయి ఎక్కాలి. నీకు పడవ పడదు. ఊరుకో.

దానికన్నా గాల్వే పక్కనున్న కానెమారా ప్రాంతానికి వెళ్లండి. అక్కడ కైల్‌మోర్ కోట ఉంది చూడు, మిచెల్ హెన్రీ అనే ఆయన భార్య కోసం కట్టించాడంటారు. 1874లో ఆవిడ ఈజిప్టు వెళ్లి అక్కడే పోయింది. ఆయన ఆ చెరువు గట్టునే ఆవిడ పేరున చిన్న చర్చి కట్టించాడు. మీ నాన్నగారు మాత్రం బాలినాహించ్ కోట చూసి తీరాలంటున్నారు. మన రంజీ ట్రోఫీ రంజిత్‌సింహ్‌జీ 1924లో దాన్ని కొనుక్కున్నాడట, చేపలు పట్టుకోవడానికి. ఈయనకి ప్రపంచంలో ఎక్కడికి పోయినా క్రికెటే కనిపిస్తుంది. నన్నడిగితే మొగుడూ పెళ్లాలకి కోటలెందుకమ్మా, ఒకే ఊళ్లో ఉంటే చాలదూ.

ఆ మాట ఎందుకన్నానంటే, మొన్న శ్రావణి శ్రీమంతంలో విజయత్త ఒక మాటంది. అల్లుడుగారు కార్క్‌లో ఇల్లు చూస్తున్నారట, నువ్వు డబ్లిన్‌లోనే ఉండిపోతావట. వాళ్ల కోడలి చెల్లెలు చెప్పిందట. విజయత్త మాటలు నీకు తెలుసు, నేను పట్టించుకోలేదు. ఆపిల్ కంపెనీ వాళ్లు 1980 నుంచీ కార్క్‌లోనే ఉన్నారని మీ నాన్నగారు నెట్‌లో వెతికి చెప్పారు. ఆయన ఎందుకు వెతికారో మరి.

మంచి ఉద్యోగం వస్తే వద్దనేవాళ్లం కాదు. మీ మీ ఉద్యోగాలు మీ ఇష్టం, నేను నీతులు చెప్పను. కానీ రెండూళ్ల కాపురం సంగతి నాకు తెలిసినంతగా మీ గ్రూపులో ఎవరికీ తెలియదు. నేను కాకినాడ బళ్లో, మీ నాన్నగారు పాల్వంచ థర్మల్‌లో. శనివారం రాత్రి బస్సు, ఆదివారం రాత్రి బస్సు. 1986లో పంద్రాగస్టు శుక్రవారం పడింది. మూడు రోజులు కలిసొస్తాయి, గురువారం డ్యూటీ దిగి బయల్దేరతానని కార్డు రాశారు. నేను పనసపొట్టు కూర కూడా చేశాను. అదే గోదావరి వరద. భద్రాచలం దగ్గర డెబ్బై ఐదు అడుగులు దాటిందని రేడియోలో చెబుతున్నారు, దారులన్నీ మూసేశారు. మన ఇంట్లో ఫోన్ లేదు. మాస్టారి గారింట్లో కూర్చుని పాల్వంచకి ట్రంక్ కాల్ బుక్ చేస్తే లైను కలవలేదు. మామ్మగారు నన్ను బస్ కాంప్లెక్సుకి వెళ్లనివ్వకపోతే దొడ్డిదారిన పోయాను. శనివారం పోయింది, ఆదివారం పోయింది. ఇక చూడు, ఒక పొద్దున్న లారీ దిగి నడుచుకుంటూ వచ్చారు. జంగారెడ్డిగూడెంలో స్నేహితుడి ఇంట్లో ఉండిపోయారట, భోజనం కూడా బాగా పెట్టారట. గుమ్మంలో నన్ను చూసి అన్న మొదటి మాట, "గొడుగు బస్సులో మర్చిపోయానోయ్" అని. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. మళ్లీ పాల్వంచ బస్సెక్కేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఆ మరుసటి ఏడు జీతం లేని సెలవు పెట్టి నేనే వెళ్లిపోయాను. నిన్ను సెలవు పెట్టమనడం లేదు. మీకు వీడియో కాల్స్ ఉన్నాయి, గంటగంటకీ రైళ్లున్నాయి. అయినా గోడవైపు తిరిగి పడుకోవడానికి కూడా మనిషి పక్కన ఉండాలి కదే.

సరే, కార్క్ గురించి చెడుగా చెప్పానని అల్లుడుగారు అనుకోగలరు. మంచి ఊరే. లీ నది రెండు పాయలై మధ్యలో ఊరు, మన కోనసీమ లంకలాగా. ఇంగ్లీష్ మార్కెట్ 1788 నాటిది, ఆయనకి చేపలంటే ప్రాణం కదా, అక్కడ చూడమను. షాండన్ చర్చి గంటలు మనమే మోగించవచ్చు. ఆ గోపురానికి నాలుగువైపులా నాలుగు గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపించేవిట, అబద్ధాలకోరు అని పేరు పెట్టారు. ఆ దగ్గర్లోనే బ్లార్నీ కోటలో ఉన్న రాయికి ముద్దు పెడితే మాటకారితనం వస్తుందంటారు. వెనక్కి వంగి తల కిందికి వేలాడేసి పెట్టాలి. నీ నడుంతో నువ్వు వంగకు. పైగా లోకమంతా పెట్టిన ఎంగిలి. అసలు మీ ఇద్దరిలో మాటలు ఎవరికి తక్కువయ్యాయో నాకు అర్థం కావడం లేదు.

కార్క్ పక్కనున్న కోవ్ రేవుకి అల్లుడుగారు మమ్మల్ని తీసుకెళ్లారుగా. టైటానిక్ చివరిసారి ఆగిన చోటు, 1912 ఏప్రిల్ 11. ఆ ఎత్తు ఎక్కేటప్పుడు నా సంచీ ఆయనే మోశారు, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. తమ్ముళ్లిద్దర్నీ పక్కన పెట్టుకున్న ఆనీ మూర్ బొమ్మ దగ్గర నేను కూర్చుండిపోతే, అమెరికాకి వలసపోయినవాళ్లలో ఈ పిల్లే ఎల్లిస్ ఐలాండ్‌లో మొట్టమొదట దిగిందండీ అని ఓపిగ్గా చెప్పారు. అలాంటి మనిషి. నువ్వు కాస్త ముక్కుమీద కోపం తగ్గించుకో. నేనేమీ అనడం లేదు.

వానలో తడవకు. జార్జ్ బూల్ కార్క్ కాలేజీలోనే లెక్కలు చెప్పాడు, 1849 నుంచి. మీ కంప్యూటర్లలో ట్రూ, ఫాల్స్ అన్నీ ఆయన చలవే. 1864లో వానలో మైళ్లు నడిచివెళ్లి తడిబట్టలతోనే పాఠం చెప్పి, న్యుమోనియా వచ్చి పోయాడు. పైగా తడి వల్ల వచ్చింది తడితోనే పోతుందని భార్య తడిదుప్పట్లు కప్పిందంటారు. ఆవిడ ఎవరెస్టు శిఖరానికి పేరిచ్చిన ఎవరెస్టు దొర సోదరుడి కూతురు. పెద్దింటి పిల్ల, ఏం లాభం! ఇన్‌హేలర్ హ్యాండ్‌బ్యాగ్‌లోనే పెట్టుకో, సూట్‌కేసులో కాదు. గాల్వే గాలికి గొడుగు నిలవదు, టోపీ ఉన్న రెయిన్‌కోటు తీసుకెళ్లు.

క్లాడా ఉంగరాలు గాల్వేవే. రెండు చేతులు గుండెని పట్టుకుని ఉంటాయి, పైన కిరీటం. పెళ్లయినవాళ్లు ఎడమచేతికి, గుండె మొన తమవైపు ఉండేలా పెట్టుకుంటారట. అల్లుడుగారు కొంటానంటే దండగ అనకు.

ఆ లాంగ్ వీకెండ్ ఆదివారమే మీ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. ఇక మనకీ మీకూ ఐదున్నర గంటల తేడా. రాత్రి పది దాకా మేం మెలకువగానే ఉంటాం. ఫోన్ చేసినప్పుడు ఆయన్ని కూడా పక్కన కూర్చోబెట్టు. రైలు టికెట్లు ఈరోజే బుక్ చెయ్యి.

ఉంటాను.
అమ్మ

తా.క. శేషు నవంబరులో డబ్లిన్ వస్తున్నాడు. వాడి సామానులో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు పంపిస్తున్నాను. అంతా కలిపి ఒకే డబ్బాలో పెట్టాలా, రెండుగా కట్టాలా అన్నది చెబితే దాన్నిబట్టి సర్దుతాను.