పౌరులకే ముందు సీటు న్యాయమే. ఇంటి పక్క బడి మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

సింగపూర్‌లో ఒకటో తరగతి ప్రవేశాల్లో పౌరుల పిల్లల తర్వాతే పర్మనెంట్ రెసిడెంట్ల పిల్లలకు సీట్లు ఇవ్వడంపై మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని, దానిపై పాఠకులు రాసిన ఉత్తరాలను చదివాను. మన పిల్లలకు అన్యాయం జరుగుతోందని కొందరు రాశారు. అంత కావాలనుకుంటే ఆ దేశ పౌరసత్వం తీసుకోవచ్చు కదా అని మరికొందరు రాశారు. ఏళ్ల తరబడి పర్మనెంట్ రెసిడెంట్‌గా (పీఆర్, అంటే పౌరసత్వం లేకుండా శాశ్వత నివాస అనుమతి ఉన్నవాళ్లు) ఇక్కడే ఉంటూ, పిల్లలను ఇక్కడి ప్రభుత్వ బడుల్లోనే చదివించిన తల్లిగా నాకు ఈ రెండు వాదనలూ అసలు విషయాన్ని వదిలేశాయనిపించింది. పౌరులకు ప్రాధాన్యం ఇవ్వడం న్యాయమేనని నేను నమ్ముతాను. కానీ గుమ్మం ఎదుట ఉన్న బడిలో కూడా ఆరేళ్ల పసివాడికి చిట్టచివరి వరుసే దక్కేలా ఆ ప్రాధాన్యాన్ని అమలు చేయడం మాత్రం సరికాదు.

ముందు నిబంధన ఏమిటో చెప్పాలి. ఇక్కడ ఒకటో తరగతి నమోదు దశలవారీగా జరుగుతుంది. అన్నో అక్కో అదే బడిలో చదువుతుంటే మొదటి దశలోనే సీటు ఖాయం. ఇందులో పౌరులు, పీఆర్‌లు అనే తేడా లేదు. తర్వాతి దశ ప్రధానంగా ఆ బడిలో చదువుకున్న తల్లిదండ్రుల పిల్లలకు, ఆ తర్వాతిది బడికి స్వచ్ఛంద సేవ చేసినవారి వంటివారికి. ఏ సంబంధమూ లేనివాళ్లు 2సీ అనే దశలో దరఖాస్తు చేసుకోవాలి. బయటి నుంచి వచ్చి స్థిరపడిన మన కుటుంబాలకు మిగిలేది చాలావరకు ఇదే. మొదటి దశ తర్వాత ఏ దశలోనైనా సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. 2010లో ఈ లాటరీలో పౌరుల పిల్లలకు రెండు చీటీలు, పీఆర్ పిల్లలకు ఒక చీటీ అనే పద్ధతి వచ్చింది. 2012 నుంచి పౌరులకు పూర్తి ప్రాధాన్యం ఇచ్చారు. అంటే బడికి కిలోమీటరు లోపు ఉన్న పౌరులు, తర్వాత ఒకటి నుంచి రెండు కిలోమీటర్ల మధ్య ఉన్న పౌరులు, ఆ తర్వాత రెండు కిలోమీటర్లు దాటి ఎంత దూరాన ఉన్నా సరే పౌరులు. వీళ్లందరికీ ఇచ్చాక సీట్లు మిగిలితేనే బడి పక్కనే ఉన్న పీఆర్ పిల్లవాడి వంతు వస్తుంది.

ఇందులో పౌరులకు ముందు చోటు ఇవ్వడాన్ని నేను తప్పుపట్టను. ఈ దేశంలో మగపిల్లలంతా పద్దెనిమిదేళ్లు నిండాక రెండేళ్లు పూర్తిగా నేషనల్ సర్వీస్‌కు, అంటే దేశ రక్షణ కోసం చేయాల్సిన నిర్బంధ సేవకు ఇస్తారు, ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి పిలిచినప్పుడల్లా వెళ్తారు. ద్వంద్వ పౌరసత్వాన్ని ఈ దేశం ఒప్పుకోదు కాబట్టి వాళ్లకు పోవడానికి ఇంకో దేశం లేదు. మనకు ఉంది. 2024 లెక్కల ప్రకారం ఇక్కడి 60 లక్షల పైచిలుకు జనాభాలో పౌరులు 36 లక్షల చిల్లరే. తమ సొంత ఊళ్లోనే తాము పలచబడిపోతున్నామన్న వాళ్ల బెంగను తేలిగ్గా తీసిపారేయడం మర్యాద కాదు. ఇది జాతి వివక్ష అని మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట కూడా నిజం కాదు, ఎందుకంటే ఇక్కడి తెలుగు పౌరుడి బిడ్డకు చైనీస్ సంతతి పౌరుడి బిడ్డతో సమానంగానే ముందు వరుస దక్కుతుంది.

పైగా స్థానికులు, స్థానికేతరులు అన్న మాట మనకు కొత్తది కాదు. రాజ్యాంగంలోని 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం విశ్వవిద్యాలయ సీట్లలో 85 శాతం స్థానికులకు కేటాయించాలని కోరుకున్నదీ, అమలు చేసుకున్నదీ మనమే. అయితే ఆ నియమాన్ని మనం ఒకటో తరగతికి వర్తింపజేయలేదు. 6 నుంచి 14 ఏళ్ల వయసున్న బాలలందరికీ ఉచిత నిర్బంధ విద్య అని 21ఏ అధికరణ చెబుతుంది తప్ప, పౌరుల పిల్లలకు మాత్రమే అనదు. విద్యాహక్కు చట్టం పిల్లలకు నివాసానికి దగ్గర్లోనే బడి ఉండాలంటుంది. మన బడుల స్థితి వేరే చర్చ. డిగ్రీ సీటుకూ ఒకటో తరగతి సీటుకూ ఉన్న తేడాను మాత్రం మన చట్టం గుర్తించింది.

సెంగ్‌కాంగ్‌లో మేముండే బ్లాకులో మాకు పై అంతస్తులో ఒక తెలుగు కుటుంబం ఉంటుంది. వంటింటి కిటికీలోంచి చూస్తే బడి మైదానం కనిపిస్తుంది, పొద్దున్నే పిల్లలు జాతీయ గీతం పాడితే ఇంట్లోకి వినిపిస్తుంది. వాళ్ల అబ్బాయికి ఆ బడిలో సీటు రాలేదు. పీఆర్ పిల్లలకు ఏదో ఒక బడిలో చోటు చూపిస్తారు కాబట్టి చదువుకు లోటు లేదు, కానీ ఆ చోటు వేరే పేటలో దొరికింది. ఇక్కడ సూర్యుడు ఏడు గంటలకు గానీ రాడు, బడులేమో ఏడున్నరకే మొదలవుతాయి. రోజూ చీకట్లోనే ఆ పిల్లవాడు తన ఎత్తులో సగం ఉన్న సంచీ తగిలించుకుని, నిద్రమొహంతో కింద బస్సు కోసం నిలబడతాడు. కాసేపటికి అదే లిఫ్టులోంచి దిగిన పిల్లలు రోడ్డు దాటి ఎదురుగా ఉన్న బడికి నడిచి వెళ్తారు. సాయంత్రం ఆటస్థలంలో వాళ్లందరికీ ఒకే క్లాసు కబుర్లు ఉంటాయి. ఈ పిల్లవాడికి ఉండవు.

ప్రభుత్వ ఉద్దేశం పిల్లలు కలిసి పెరగడమే అయితే, దానికే ఈ వరుస అడ్డం వస్తోంది. ఒకే చోట పీఆర్‌లు గుంపుగా చేరకూడదని 2010లోనే ప్రభుత్వ ఫ్లాట్లకు కోటా పెట్టారు: మలేషియన్లు కాని పీఆర్ కుటుంబాలు ఒక పేటలో 5 శాతం, ఒక బ్లాకులో 8 శాతం మించకూడదు. ఇళ్ల దగ్గర ఇంత శ్రద్ధగా కలిపి, బడి దగ్గరికి వచ్చేసరికి పీఆర్ పిల్లలను ఎక్కువమంది కోరుకోని బడుల వైపు నెడితే, వాళ్లు అక్కడ గుంపుగా చేరక ఏం చేస్తారు? అందుకే కొన్ని బడుల్లో పీఆర్ పిల్లలు 25 నుంచి 30 శాతం మించకూడదని మళ్లీ ఒక పరిమితి పెట్టవలసి వచ్చింది. ఒక నిబంధన తెచ్చిన ఇబ్బందిని ఇంకో నిబంధనతో సరిదిద్దడం కంటే మొదటిదాన్నే కాస్త సవరించడం మేలు కాదా?

ఇక పౌరసత్వం తీసుకోవచ్చు కదా అన్న మాట. తల్లిదండ్రులు భారత పౌరసత్వం వదులుకోవాలి, విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుతో మన ఊళ్లో వ్యవసాయ భూమి కొనే వీలు ఉండదు, అమ్మానాన్నలు ముసలివాళ్లయ్యాక ఎక్కడ ఉండాలో తేల్చుకోవాలి. ఇవన్నీ పెద్దలు ఆలోచించి, నిదానంగా తీసుకునే నిర్ణయాలు. దరఖాస్తు చేసినవాళ్లందరికీ పౌరసత్వం వస్తుందన్న హామీ కూడా లేదు. ఇందులో పిల్లవాడికి చెప్పుకోదగ్గ పాత్రే లేదు. అయినా తల్లిదండ్రుల ద్వారా పీఆర్ అయిన మగపిల్లవాడు, పౌరసత్వం ఉన్నా లేకున్నా, పద్దెనిమిదేళ్లకు పౌరుడి కొడుకుతో పాటే నేషనల్ సర్వీస్‌కు వెళ్లాలి. రేపు దేశాన్ని కాపాడమని పిలవబోయే పిల్లవాణ్ని ఇవాళ రోడ్డవతలి బడిలోకి రానివ్వకపోవడాన్ని ఏ తల్లికైనా ఎలా సమర్థించి చెప్పాలో నాకు తెలియడం లేదు. ఒక్కో మహిళకు పుట్టే పిల్లల సగటు 2023లో 0.97కు పడిపోయిన దేశానికి ఇలాంటి పిల్లల అవసరం తక్కువేమీ కాదు.

నేను కోరేది చిన్న మార్పు. కిలోమీటరు లోపు ఉన్న పౌరులకే మొదటి చోటు ఇవ్వాలి, అందులో మార్పు వద్దు. ఆ తర్వాత మాత్రం కిలోమీటరు లోపు ఉన్న పీఆర్ పిల్లలను తీసుకుని, దూరంగా ఉన్న పౌరులను వాళ్ల వెనుక నిలపాలి. దీనివల్ల వెనక్కి జరిగేది పేరున్న బడి కోసం వేరే పేట నుంచి వచ్చే కుటుంబాలే, వాళ్ల ఇంటి దగ్గర బడిలో వాళ్ల ముందు వరుస వాళ్లకు ఎప్పటిలాగే ఉంటుంది. సీటు కోసం బడి దగ్గర ఇల్లు తీసుకుని వెంటనే మారిపోయే పీఆర్‌ల సంగతేమిటని కొందరు అడగవచ్చు. దూరం ఆధారంగా సీటు పొందినవాళ్లు ఆ చిరునామాలో కనీసం 30 నెలలు ఉండితీరాలన్న నియమం ఇప్పటికే ఉంది. ఫీజుల జోలికి నేను పోవడం లేదు. పౌరులు కట్టేదానికి ఎన్నో రెట్లు మేము కడుతున్నాం, అది తెలిసే వచ్చాం.

పేరున్న బడి తప్ప మరొకటి వద్దని పట్టుబట్టే మన తల్లిదండ్రులకు ఈ మార్పు వల్ల పెద్దగా ఒరిగేది ఉండదు, అందుకోసం అడగడం కూడా లేదు. ఏ బడిలో ఎన్ని సీట్లు, ఎన్ని దరఖాస్తులు అన్నది నమోదు జరిగే రోజుల్లో విద్యాశాఖ ప్రకటిస్తూనే ఉంటుంది, దాన్ని చూసుకుని దరఖాస్తు చేస్తే చాలామందికి నిరాశ తప్పుతుంది. విద్యాశాఖ 2014లో ఒకసారి, 2022లో మరోసారి ఈ నిబంధనలను సవరించింది. ఏ సంబంధమూ లేని పిల్లల కోసం 2సీ దశలో ప్రతి బడిలోనూ కనీసం 40 సీట్లు ఉంచుతున్నది అలాంటి సవరణ వల్లనే. అంటే కారణం చూపించి అడిగితే వినే శాఖే. ఇక్కడి తెలుగు సంఘాలు పండుగ సభలతో పాటు ఈ విషయాన్ని కూడా చేపట్టి, వచ్చే ఏడాది నమోదు మొదలయ్యేలోగా తమ ప్రాంత పార్లమెంటు సభ్యులను కలిసి రాతపూర్వకంగా వినతి ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక తెలుగు తల్లి,
సెంగ్‌కాంగ్, సింగపూర్