శ్రీలంక యుద్ధ కథలో ముస్లింలకు చోటేదీ?

సంపాదకుడు గారికి,

నమస్కారం.

ఏటా మే నెల వచ్చిందంటే శ్రీలంక యుద్ధం గురించి మన పత్రికల్లో వ్యాసాలు కనిపిస్తాయి. 2009 మేలో ముల్లివాయ్కాల్ దగ్గర ఆ యుద్ధం ఎలా ముగిసిందో గుర్తు చేస్తాయి. చివరి నెలల్లో 40 వేల మంది దాకా పౌరులు చనిపోయి ఉండొచ్చని ఐక్యరాజ్య సమితి నిపుణుల బృందం చెప్పింది. దాన్ని మర్చిపోకూడదు, మీరు రాస్తూనే ఉండాలి. నా బాధ వేరు. ఏ వ్యాసం తీసుకున్నా అందులో రెండే పక్షాలుంటాయి, సింహళ ప్రభుత్వమూ, తమిళులకు వేరే దేశం కోసం పోరాడిన తమిళ పులులూ (ఎల్‌టీటీఈ). మా చిత్తూరు వైపు తమిళ ఛానళ్లు చూసేవాళ్లు ఎక్కువ, అక్కడ విన్నా అదే కథ. ఉత్తర శ్రీలంక నుంచి రెండు వారాల్లో మొత్తం ముస్లిం జనాభాని పులులు వెళ్లగొట్టారన్న సంగతి బాగా చదువుకున్నవాళ్లలో కూడా చాలామందికి తెలియదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

అది 1990 అక్టోబర్. నెల మధ్యలో చావకచ్చేరిలో మొదలైంది. తర్వాత మన్నార్, ముల్లైత్తీవు, కిళినొచ్చి. చివరికి అక్టోబర్ 30న జాఫ్నా. ఆ రోజు పొద్దున పులులు మైకుల్లో చాటింపు వేసి, ముస్లింలందరినీ ఉస్మానియా కాలేజీ మైదానానికి రమ్మన్నారు. ఏదో మీటింగ్ అనుకుని వచ్చినవాళ్లకు చెప్పింది ఒక్కటే, రెండు గంటల్లో ఊరు ఖాళీ చేయాలని. ఎందుకని అడిగితే జవాబు లేదు. దారిలో చెక్‌పోస్టులు పెట్టి సంచులు సోదా చేశారు. డబ్బు, నగలు, ఇంటి కాగితాలు లాక్కున్నారు. ఆడవాళ్ల చెవులకున్న కమ్మలు తీయించారు, చిన్నపిల్లలవి కూడా వదల్లేదు. ఒంటి మీద బట్టలు, చేతిలో కొద్దిపాటి డబ్బు, అంతే. మన్నార్ దీవివాళ్లు పడవలెక్కి కల్పిటియ తీరానికి చేరారు. ఇలా బయటపడ్డవాళ్లు 70 వేలకు పైనే. తరాల తరబడి జాఫ్నాలో బట్టల కొట్లు, ఇనప సామాన్ల దుకాణాలు నడిపినవాళ్లు, దర్జీలు, మన్నార్ జాలరులు, మన్నార్ జిల్లాలోనే ముసలి అనే ప్రాంతపు రైతులు, అందరూ ఆ రెండు వారాల్లో శరణార్థులైపోయారు.

వీళ్ల ఇంటి భాష తమిళం. పిల్లలు చదివింది తమిళంలో. జాఫ్నాలో పక్కింటి తమిళుల పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లు, వాళ్లను పిలిచినవాళ్లు. వెళ్లిపోతుంటే ఏడ్చిన తమిళ ఇరుగుపొరుగులు ఉన్నారని వాళ్లే చెప్పుకుంటారు. గట్టిగా అడ్డం నిలబడే ధైర్యం మాత్రం అప్పటికి జాఫ్నాలో ఎవరికీ మిగల్లేదు. అంతకు ఏడాది ముందే, 1989 సెప్టెంబర్‌లో, జాఫ్నా విశ్వవిద్యాలయంలో అనాటమీ పాఠాలు చెప్పే డాక్టర్ రజని తిరణగమను సైకిల్ మీద ఇంటికి వెళ్తుంటే కాల్చి చంపారు. ఆమె శ్రీలంక సైన్యాన్నీ భారత శాంతిసేననూ పులులనూ ముగ్గురినీ నిలదీసిన మనిషి. అలాంటివాళ్లను చంపేశాక పొరుగువాడి తరఫున మాట్లాడేదెవరు?

ఇదంతా ఉత్తరాన ఊరికే పుట్టలేదు, తూర్పు నుంచి పాకింది. బట్టికలోవా, అంపారై వైపు తమిళుల ఊరు, ముస్లింల ఊరు పక్కపక్కనే ఉంటాయి. సాగులో, వ్యాపారంలో ఒకరి మీద ఒకరు ఆధారపడ్డవాళ్లు. రెండు వర్గాల్లోనూ వంశం తల్లి వైపు నుంచి లెక్కిస్తారు, ఇల్లు కూతురికి కట్నంగా వెళ్తుంది. ఇంత కలిసిపోయిన చోట 1990 ఆగస్టు 3న కాత్తాన్‌కుడిలో రెండు మసీదుల్లో ప్రార్థనలో ఉన్న ముస్లింలను పులులు వెనక నుంచి కాల్చారు, వందమందికి పైగా చనిపోయారు. వారం దాటగానే ఏరావూర్‌లో మళ్లీ అలాంటి ఊచకోతే. అదే నెలలో వీరమునైలో తమిళ శరణార్థుల మీద దాడి జరిగింది, అందులో ముస్లిం హోంగార్డుల చేతులున్నాయి. ఆ హోంగార్డులకు తుపాకులిచ్చింది ప్రభుత్వం. పులులకు ముస్లింల మీద అనుమానం పెంచింది కూడా చాలావరకు ఇదే. ఒక మైనారిటీ చేతికి ఆయుధమిచ్చి ఇంకో మైనారిటీ మీదికి పంపడం కొలంబోకి లాభించింది. అందుకని జాఫ్నా దర్జీని, మన్నార్ జాలరిని వెళ్లగొట్టడం న్యాయమైపోదు. వాళ్ల చేతుల్లో తుపాకుల్లేవు.

ఇందులో మన దేశం పాత్ర కూడా ఉంది. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే సంతకాలు చేసిన ఒప్పందం ఉత్తర, తూర్పు రాష్ట్రాలను కలిపింది. తూర్పున తమిళులు, ముస్లింలు, సింహళీయులు ముగ్గురూ పెద్ద సంఖ్యలోనే ఉన్నారు, ఏ ఒక్కరూ సగం లేరు. కలిపితే ముస్లింలు ఒక్కసారిగా చిన్న మైనారిటీ అవుతారు. వాళ్లను ఎవరూ అడగలేదు. తూర్పులో రెఫరెండం పెడతామన్న మాట ఒప్పందంలో ఉంది, అది ఎన్నడూ జరగలేదు. అష్రఫ్ నాయకత్వంలో ముస్లిం కాంగ్రెస్ బలపడటం వెనక ఈ భయం చాలా ఉంది. 2002లో కాల్పుల విరమణ తర్వాత చర్చలు మొదలైతే ముస్లింలు తమకు వేరే ప్రతినిధి బృందం కావాలన్నారు, ఇవ్వలేదు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కిళినొచ్చిలో పులుల నాయకుడు ప్రభాకరన్ ప్రెస్‌మీట్ పెట్టినప్పుడు, ఆయన పక్కన కూర్చున్న సలహాదారు బాలసింగం ముస్లింలను వెళ్లగొట్టడం పొరపాటేనని ఒప్పుకున్నారు. ఇళ్లు, కొట్లు, పొలాలు తిరిగి అప్పగించే పని మాత్రం ఆ మాటతో పాటు కదల్లేదు.

వెళ్లగొట్టబడ్డవాళ్లలో ఎక్కువమంది చేరింది పుత్తళం జిల్లాకి, అక్కడ వాళ్లు బతికిన తీరు గురించి కూడా ఎవరైనా రాయాలి. మొదట్లో స్థానిక ముస్లింలు ఇళ్లల్లో, మసీదుల్లో చోటిచ్చారు, వండి పెట్టారు. కొబ్బరాకుల గుడిసెల్లో ఏడాది అనుకున్నది ఇరవై ఏళ్లయింది. ఉల్లి తోటల్లో కూలికి వెళ్లారు. నీళ్ల దగ్గర, కూలి రేట్ల దగ్గర, కాలేజీ సీట్ల దగ్గర పేచీలు మొదలయ్యాయి. ఒకే మతం, ఒకే భాష అయినా వచ్చినవాళ్లు, ఉన్నవాళ్లు అన్న తేడా వచ్చేసింది. యుద్ధం ముగిశాక ఇంటికి పోదామంటే ఇళ్లు మొండిగోడలు, పొలాలు అడవి. మన్నార్ జిల్లా ముసలి ప్రాంతంలో అయితే వాళ్లు లేని కాలంలో పెరిగిన చెట్లను చూసి 2012లో ప్రభుత్వం ఆ భూముల్ని రిజర్వ్ ఫారెస్టుగా గెజిట్ చేసింది. తిరిగొచ్చి చెట్లు కొడితే విల్పత్తు అడవిని ఆక్రమిస్తున్నారని కొలంబోలో గోల. వెళ్లగొట్టింది ఒకరు, తలుపు మూసింది ఇంకొకరు.

కొండ ప్రాంతపు తమిళుల సంగతీ ఇలాగే పక్కన పడుతుంది. తేయాకు తోటల కోసం బ్రిటిష్‌వాళ్లు తీసుకెళ్లిన మన దక్షిణాది కూలీల పిల్లలు వాళ్లు. 1948లో స్వతంత్ర సిలోన్ చేసిన తొలి చట్టాల్లో ఒకటి వాళ్ల పౌరసత్వం తీసేసింది. కొద్దికాలానికే ఆ ప్రభుత్వంలో మంత్రిగా చేరింది జాఫ్నా తమిళ నాయకుడు పొన్నంబలం, అది తప్పని ఆయన పార్టీ నుంచి బయటికొచ్చింది సెల్వనాయగం. 1964లో మన ప్రధాని శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో చేసుకున్న ఒప్పందంలో 9 లక్షల 75 వేల మందిని లెక్కల్లో పంచుకున్నారు, 5 లక్షల 25 వేల మంది ఇటు, 3 లక్షల మంది అటు, మిగతా తర్వాత చూద్దామని. వాళ్లను ఏ దేశం కావాలని నోరారా అడిగినవాళ్లు తక్కువ. 1977, 1983 అల్లర్లలో తోటల నుంచి పారిపోయి ఉత్తరాన వన్ని ప్రాంతానికి వెళ్లినవాళ్లలో చాలామంది చివరికి ముల్లివాయ్కాల్‌లో ఇరుక్కున్నారు.

ఒక మాట మన భాషవాళ్ల గురించి కూడా. శ్రీలంకలో పాములాడించి, జోస్యం చెప్పి బతికిన అహికుంటికలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అనురాధపురం వైపు ఉన్నవాళ్లు సింహళ పేర్లతో బౌద్ధులు, అక్కరైపట్టు వైపు ఉన్నవాళ్లు తమిళ పేర్లతో క్రైస్తవులు. చుట్టూ ఎవరు ఎక్కువుంటే వాళ్లలో కలిసిపోతేనే ఈ చిన్న గుంపులు బతికి బట్టకట్టాయి.

2009 తర్వాత సింహళ అతివాదుల కత్తి ముస్లింల మీదికే తిరిగింది. 2014లో అలుత్‌గమ, 2018లో దిగన, 2019 ఈస్టర్ బాంబుల తర్వాత వాయవ్య రాష్ట్రంలో ఇళ్లు, మసీదులు తగలబెట్టారు. ఆ బాంబులు పెట్టిన ముఠాతో ఏ సంబంధమూ లేనివాళ్లవి అవి. కోవిడ్ వచ్చినప్పుడు చనిపోయిన ముస్లింలను కూడా బలవంతంగా దహనం చేశారు, 2021 ఫిబ్రవరి దాకా.

అందుకే మీకు రెండు విన్నపాలు. రాష్ట్రాలకు అధికారాలిచ్చే శ్రీలంక రాజ్యాంగ పదమూడో సవరణ అమలు చేయమని ఢిల్లీ కొలంబోని అడిగిన ప్రతిసారీ మీరు వార్త వేస్తారు. ఆ వార్తలోనే ఉత్తరాది ముస్లింల భూముల సంగతి అడిగారా లేదా అని కూడా రాయండి, మన రెండు రాష్ట్రాల ఎంపీలను ఆ ప్రశ్న అడగండి. 2019 పౌరసత్వ సవరణ చట్టంలో చోటు దొరకని లంక శరణార్థులు తమిళనాడు శిబిరాల్లో ఎన్నో ఏళ్లుగా ఉన్నారు, వాళ్ల గురించీ అడగొచ్చు.

రెండోది, ఈ అక్టోబర్ 30న మీ సంపాదకీయ పేజీలో సగమైనా వెళ్లగొట్టబడ్డవాళ్లకు ఇవ్వండి. పుత్తళంలో ఉండిపోయినవాళ్లు, మన్నార్‌కు తిరిగొచ్చినవాళ్లు మాట్లాడేది తమిళమే. తిరుపతి, చిత్తూరు విలేకరుల్లో తమిళం వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. టికెట్ ఖర్చు ఎక్కువనుకుంటే ఫోన్‌లో మాట్లాడించి రాయించినా సరే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిత్తూరు