భైరవుడు, గౌరి క్షేమమని తలుస్తాను

భీమవరం,
ఆదివారం ఉదయం

చి. సుధకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వు, భైరవుడు, గౌరి క్షేమమని తలుస్తాను. తలచుకోవడం తప్ప వేరే దారి లేదు. ఎప్పుడు చేసినా నీ ఫోను మోగుతుందే కానీ నువ్వు పలకవు. మీ అమ్మకు మాత్రం "పనిలో ఉన్నాను" అని రెండు ముక్కలు పంపుతున్నావట. ఇది ఫిర్యాదు కాదు. ఎండలు ముదిరాయి కదా, ఆ కుక్క, పిల్లి సంగతి ఓసారి గుర్తుచేద్దామని రాస్తున్నాను.

భైరవుడిని పొద్దున్నే తిప్పి తీసుకొచ్చెయ్. మళ్లీ నేల చల్లబడ్డాకే బయటికి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి దించుకోవాలి. రోడ్డు మీద నీ చేతి వెనకవైపు ఆనించి చూడు. నువ్వు ఓర్చుకోలేని చోట దాని పాదాలు మాత్రం ఎలా ఓర్చుకుంటాయి? ఇంటికి రాగానే చెవుల మడతల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వెతుకు. ఉంటే చేత్తో నలపకు, పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి తిన్నగా లాగు. పిడుదుల జ్వరం ముదిరితే ముక్కునుంచి రక్తం కారుతుంది, అంతదాకా రానివ్వకూడదు. ఇంకో సంగతి. దాని మెడ మీద పోసే పిడుదుల మందు ఉంది చూడు, అందులో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటే గౌరికి ప్రాణాంతకం. రెండూ ఒకే సోఫాలో దొర్లుతాయి కాబట్టి డబ్బా మీది అక్షరాలు చదివి మరీ కొను.

సుబ్బులత్త ఫోను చేసింది. మీ సెల్లారులో ఏదో కుక్కపిల్ల దొరికిందని, దాన్ని పైకి తెచ్చావని, చెయ్యి కొరికిందని చెప్పింది. ఆవిడ మాటలు నేను అంతగా పట్టించుకోను. నీ పెళ్లి నిరుడే కుదిరిపోయిందని పాలకొల్లంతా చాటింది కూడా ఆవిడే.

గౌరికి పెరుగన్నమే పెడుతున్నావని మీ అమ్మ అంటోంది. నువ్వు మాంసం మానేశావు, మంచిదే, అది నీ ఇష్టం. గౌరి మానలేదు. పిల్లికి టారిన్ అనే పదార్థం కావాలి, అది మాంసంలోనూ చేపలోనూ దొరుకుతుంది. తగినంత అందకపోతే చూపు పోతుంది, గుండె కండరం దెబ్బతింటుంది. వండటానికి చేతులు రాకపోతే పిల్లుల కోసమే చేసిన మేత కొను. కుక్కల మేత వద్దు, అందులో టారిన్ చాలదు. ఉల్లి, వెల్లుల్లి రెండింటికీ పనికిరావు, రక్తం విరిగిపోతుంది. గౌరి నలతగా ఉందని పారాసెటమాల్ ముక్క వేసేవు సుమా, ఒక్క మాత్ర చాలు దాని ప్రాణం తీయడానికి.

ఆ కుక్కపిల్ల కొరికినందుకు రేబిస్ సూదులు రెండు వేయించుకుని మూడోది మానేశావట. ఇదీ సుబ్బులత్త మాటే. పిల్ల చక్కగా గెంతుతోంది కదా అని మానేశావట, ఆ తర్వాత దాన్ని ఎవరో అడిగితే ఇచ్చేశావట.

బుచ్చి మామయ్య నిన్న వచ్చాడు. వాడి కుక్కపిల్ల కథ నీకు చెప్పానో లేదో. నా పెళ్లయిన కొత్త, వాడికి పదిహేనేళ్లు. ఎక్కడినుంచో మూడు నెలల పిల్లను చొక్కాలో దాచి తెచ్చాడు. పాలు పట్టబోతే వేలు కొరికింది. పిల్లకుక్క కొరికితే ఏమవుతుందని ఇంటిల్లిపాదీ నవ్వారు. వీధి చివరి తాతగారు సున్నం, కారం కలిపి పెట్టమన్నారు. నేనేమో కొత్త అల్లుడిని, పైగా పశువుల ఆసుపత్రి కాంపౌండరుని, ఆ ఇంట్లో నా మాటకు విలువెంత? అయినా వాణ్ని బావి దగ్గర కూర్చోబెట్టి, బట్టల సబ్బుతో పావుగంట కడిగాను. నా మొహం చూసి అమ్మమ్మ ఇంకేమీ అడగలేదు, మర్నాడే బస్సెక్కించింది.

ఆ రోజుల్లో మందు గొర్రె మెదడునుంచి తీసేవారు. బొడ్డు చుట్టూ, రోజుకొకటి చొప్పున పద్నాలుగు. అమ్మమ్మ గొడుగు, మరచెంబు, అరటిపళ్ల సంచీ పట్టుకుని రోజూ వాడి వెంట వెళ్లేది. ఐదో రోజు బుచ్చి గడ్డివాములో దూరాడు. "పిల్ల బాగానే ఉందిగా, నాకెందుకు సూదులు" అని లోపలినుంచే వాదన. అమ్మమ్మ వాము చుట్టూ తిరుగుతూ తిట్టింది, బతిమాలింది, ఈలోగా బస్సు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం పిల్ల పాలు ముట్టలేదు. మర్నాటికి కింది దవడ వేలాడిపోయి చొంగ కారుతోంది, గొంతు మారిపోయింది. ఆ మరుసటి రోజు చచ్చిపోయింది. ఇక బుచ్చిని ఎవరూ లాక్కెళ్లనక్కర్లేకపోయింది, తెల్లారకుండానే వాడే బస్సు స్టాండులో ఉన్నాడు. ఇప్పుడు వాడికి మనవలున్నారు. సూది అంటే ఇప్పటికీ పొట్ట పట్టుకుంటాడు.

ఇప్పుడు ఆ బాధ లేదు, సూది భుజానికే. ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మంలోకి ఇస్తే మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజు. కండకు ఇస్తే 14వ రోజు ఇంకొకటి. కొరికిన కుక్క పది రోజులు మన కళ్లముందు ఆరోగ్యంగా ఉంటే డాక్టరు మిగతావి ఆపమనవచ్చు. ఆ పిల్ల నీ దగ్గర లేదు కదమ్మా, ఏం చూసి ఆపావు? ఆలస్యమైనా ఫరవాలేదు, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టనక్కర్లేదు, ఆగినచోటినుంచి వేస్తారు. రక్తం వచ్చిందా? వస్తే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా ఇచ్చి ఉండాలి. అది మొదటి సూది పడ్డ ఏడు రోజుల లోపే. ఇచ్చారా, లేదా? నారాయణగూడలో టీకాలు వేసే ఐపీఎం ఉంది, నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి ఉంది. ఆఫీసుకు సెలవు దొరకదనే మాట నాకు చెప్పకు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదు. అందుకే అవి కనబడకముందే వెళ్లమంటారు. మందలించాలని కాదు, తెలుసుకుంటావని.

పిల్లను తీసుకెళ్లిన వాళ్ల నంబరు సంపాదించి అది ఎలా ఉందో అడుగు, వాళ్లకూ ఈ సంగతి చెప్పు. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ భైరవుడితో ఆడే ఉంటుంది. కాబట్టి భైరవుడికి, గౌరికి కిందటి రేబిస్ టీకా ఏ తేదీన వేయించావో పుస్తకంలో చూసి, ఆ పుస్తకం పట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లు. నీ చీటీ, వాటి పుస్తకాలు ఫోటో తీసి పంపు. మీ అమ్మకు కాదు, నాకు.

నువ్వు ఫోను ఎత్తినా ఎత్తకపోయినా గురువారం నరసాపురం ఎక్స్‌ప్రెస్‌కు బయలుదేరుతున్నాను. స్టేషనుకు రానక్కర్లేదు. మీ అమ్మ పూతరేకులు, వెల్లుల్లి ఆవకాయ ఇస్తోంది. ఆవకాయ జాడీ భైరవుడికి అందని చోట పెట్టాలి. చేపల చెరువుల మీద పక్షులకు అడ్డంగా కట్టే నైలాన్ వల కూడా తెస్తున్నాను. ఐదో అంతస్తులో గౌరి బాల్కనీ గోడ మీద నడుస్తోందట, పిల్లి ఎక్కడినుంచి పడినా బతుకుతుందనే మాట నమ్మకు. వల కోయించాలి, బాల్కనీ పొడవు, ఎత్తు టేపుతో కొలిచి బుధవారం లోపు చెప్పు. అంచనాగా వద్దు.

ఇట్లు,
నాన్న