పాత కారు కొనేముందు అడుగు చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు కొని బాగు చేయించుకుంటున్న యువకుల గురించి ఇటీవల మీ జిల్లా అనుబంధంలో వచ్చిన కథనం చదివాను. ఇంజిన్ గురించి, సీట్ల గురించి, ఆర్‌సీ కాగితాల గురించి అందులో వివరంగా రాశారు గానీ, అటువంటి బండి విలువను అన్నిటికంటే ఎక్కువగా తేల్చే తుప్పు గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. పైగా "మన సీమలో వానలెక్కడివి, తుప్పెక్కడిది" అని అమ్మేవాళ్లు అనే మాటను ఉన్నదున్నట్టు అచ్చు వేశారు.

ఆ మాటలో సగమే నిజం. అనంతపురం లాంటి పొడి ప్రాంతంలో మొదటి నుంచీ తిరిగిన కారు, చెన్నైలో సముద్రపు గాలికి ఏళ్ల తరబడి నిలిచిన కారు కంటే సాధారణంగా గట్టిగానే ఉంటుంది. ఉప్పు కలిసిన తేమలో ఇనుము చాలా వేగంగా తుప్పు పడుతుంది. అయితే ఇవాళ కర్నూలులో అమ్మకానికి పెట్టిన బండి ఇన్నాళ్లూ ఎక్కడెక్కడ నిలిచిందో ఎవరు చెప్పగలరు? అదీగాక 2009 అక్టోబరులో వరద మా ఊరిని ముంచినప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో నానాయో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

మా మామగారి అంబాసిడర్ వాటిలో ఒకటి. నీళ్లు తీశాక ఇంజిన్ విప్పి కడిగించారు, సీట్లు కొత్తగా కుట్టించారు, కారు మళ్లీ చక్కగా నడిచింది. నాలుగేళ్ల తర్వాత ఒకరోజు పంక్చరైతే నేనే జాకీ పెట్టాను. బండి లేవలేదు సరికదా, జాకీ తల డోరు కింద గడపలా ఉండే సిల్‌లోకి కరకరమంటూ దిగబడిపోయింది. ఆ చిల్లులోంచి ఎండిన ఒండ్రుమట్టి, దానితోపాటు అప్పడం ముక్కల్లా పెళుసుబారిన తుప్పు పెచ్చులు నా చేతి మీద రాలాయి. పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంది. బోలుగా ఉండే ఆ సిల్‌లో వరద మట్టి చేరి, నీళ్లు కారిపోవడానికి పెట్టిన రంధ్రాలను మూసేసి, పడిన ప్రతి వాన తడినీ లోపలే పట్టి ఉంచిందన్నమాట.

అంబాసిడర్, పద్మిని కార్లకు జీపుకు ఉన్నట్టు విడిగా ఛాసిస్ (అడుగున బరువు మోసే చట్రం) ఉండదు. రేకులతో అతికిన బాడీయే బరువంతా మోస్తుంది. అందువల్ల తుప్పు ఎంత ఉందన్న దానికంటే ఎక్కడ ఉందన్న దాన్ని బట్టి బేరమాడాలని నా అభిప్రాయం. బోల్టులతో బిగించిన ముందు మడ్‌గార్డు అరచేయంత మేర పోయినా, డిక్కీ మూత అంచు తినేసినా, మరొకటి వెతికి బిగించుకోవచ్చు. అదే సిల్‌లలో గానీ, కాళ్ల కింది ఫ్లోర్ అంచుల్లో గానీ, వెనక కమాన్లు (స్ప్రింగు పట్టీలు) బాడీకి తగులుకునే చోట గానీ తుప్పు ఉంటే, మంచి రేకు తగిలే దాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయాల్సిందే. ఆ కోత ఎంతవరకు పోతుందో పని మొదలుపెట్టేదాకా టింకరింగ్ మేస్త్రీ కూడా చెప్పలేడు. తుప్పు మీదే పట్టీ వేసి రంగు కొట్టేస్తే రెండు రేకుల మధ్య అది తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

నేను బండి చూడటానికి వెళ్లేటప్పుడు చేతిరుమాల్లో చుట్టిన చిన్న అయస్కాంతం, ఒక టార్చిలైటు తీసుకెళ్తాను. డోర్ల అడుగున, చక్రాల పైఅంచున అయస్కాంతం పట్టు తప్పి జారితే అక్కడ రంగు కింద పుట్టీ దట్టించారని అనుమానించాలి. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, రంగు మీద కందిగింజంత పొక్కు కనిపించినా లోపలి వైపు వేలితో తడిమి చూడాలి. మ్యాట్లు ఎత్తి చూడనివ్వని యజమానితో బేరం అనవసరం. సిల్ గట్టిగా ఉందనిపిస్తే, యజమానిని అడిగి ఒక పక్క జాకీతో లేపించి, ఆ పక్క డోరు తీసి వేయిస్తాను. అంతవరకు సులువుగా పడిన డోరు అప్పుడు ఒరుసుకుంటే బాడీ వంగుతోందని అర్థం. (జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందికి దూరడం మాత్రం ఎవరూ చేయకూడదు.)

వింటేజ్ నంబరు, అంటే పాతకాలపు బండ్లకిచ్చే ప్రత్యేక రిజిస్ట్రేషన్ మీద ఆశతో కొనేవాళ్లకు ఇంకో చిక్కుంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటడమే కాక, ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న వాహనానికే ఆ గుర్తింపు దక్కుతుంది. తుప్పు పేరుతో బాడీ ఆకారమే మారిపోయిన బండికి ఆ ఆశ పెట్టుకోలేం.

కొత్తగా రంగు వేసి అమ్మకానికి పెట్టిన కారంటే నాకు ముందు నుంచీ అనుమానమే. ఎండకు వెలిసి, ఇంజిన్ మొరాయిస్తున్నా, అడుగు గట్టిగా ఉన్న బండికి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు. ఇంజిన్ బాగు చేసే మెకానిక్కు ప్రతి ఊళ్లో దొరుకుతాడు. మీరు ఈ విషయం మీద మళ్లీ రాసినప్పుడు మెరిసే బానెట్ ఫొటో పక్కన, అదే కారు అడుగుభాగం ఫొటో కూడా ఒకటి వేయవలసిందిగా మనవి.

– ఒక పాఠకుడు, కర్నూలు