చందమామ మీద కిలో బియ్యం ఎంత తూగుతాయి?

తల్లిదండ్రులకు నమస్కారం.

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం యూనిట్ టెస్ట్ పేపర్లు ఇంటికి పంపాక కొందరు నన్ను వచ్చి కలిశారు. "నీ భారం ఎంత?" అన్న ప్రశ్నకు "40 కిలోలు" అని రాస్తే మార్కు ఎందుకు తీసేశారు, ఆసుపత్రిలో మిషన్ ఎక్కినా కిలోలే కదా చూపిస్తుంది అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. మనం ఇంట్లో అన్నిటికీ 'బరువు' అనే ఒక్క మాటే వాడతాం. పాఠంలో మాత్రం రెండు మాటలున్నాయి. వస్తువులో ఎంత పదార్థం ఉందో చెప్పేది ద్రవ్యరాశి, దాన్ని కిలోగ్రాముల్లో కొలుస్తాం. ఆ వస్తువును భూమి ఎంత బలంతో లాగుతోందో చెప్పేది భారం, అది న్యూటన్లలో. కిలో ద్రవ్యరాశిని భూమి దాదాపు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంది కాబట్టి 40 కిలోల పిల్లవాడి భారం 392 న్యూటన్లు.

ఆ పాఠం మళ్లీ చెబుతున్న రోజు నేను వెనక బెంచీలో కూర్చున్నాను. చంద్రుడి మీద భారం ఆరో వంతుకు తగ్గుతుందని టీచర్ చెప్పగానే ఒక అమ్మాయి లేచింది. "అయితే అక్కడ కిలో బియ్యం వండితే ఆరో వంతు అన్నమే అవుతుందా టీచర్?" ఎవరూ నవ్వలేదు, అందరూ ఆలోచనలో పడ్డారు. ఇన్నేళ్లలో ఈ పాఠానికి ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు.

జవాబు మన శ్రీహరికోటలోనే ఉంది. 2023 జులై 14న అక్కడి నుంచి బయలుదేరిన చంద్రయాన్-3లో ప్రజ్ఞాన్ రోవర్ ద్రవ్యరాశి 26 కిలోలు. ఇక్కడ భూమి దాన్ని దాదాపు 255 న్యూటన్లతో లాగింది. ఆగస్టు 23న దిగాక చంద్రుడు లాగింది 42 న్యూటన్లతోనే. అలాగని రోవర్‌లో ఒక్క మర కూడా ఊడిపోలేదు కదా, అక్కడా 26 కిలోలే. బియ్యమూ అంతే, ఒక్క గింజ తగ్గదు. కిరాణా కొట్టు తక్కెడను అక్కడికి పట్టుకెళ్లినా ఒక పళ్లెంలో కిలో రాయి, రెండో దాంట్లో కిలో బియ్యం సరిగ్గానే తూగుతాయి, ఎందుకంటే లాగుడు రెండు వైపులా సమంగా తగ్గుతుంది. ఆసుపత్రి మిషన్ అలా కాదు. అది మన పాదాలు నొక్కే బలాన్ని పట్టుకుని, భూమి లెక్కన కిలోలుగా మార్చి చూపిస్తుంది. అదే మిషన్ చంద్రుడి మీద 40 కిలోల పిల్లవాడికి ఏడు కిలోల లోపే చూపిస్తుంది.

ద్రవ్యరాశిని చేత్తో తెలుసుకోవాలంటే మా మైదానంలో ఉయ్యాల చాలు. ఆ అమ్మాయినే కూర్చోబెట్టి, స్నేహితురాలిని నెట్టమన్నాం. బరువంతా గొలుసులే మోస్తున్నాయి, అయినా ఖాళీ బల్లను నెట్టినంత తేలిగ్గా కదల్లేదు. కదలడానికి వస్తువు చూపే ఆ మొండితనమే ద్రవ్యరాశి. నిర్వచనం పది సార్లు రాయించినా రాని స్పష్టత పిల్లలకు ఆ ఒక్క నెట్టుతో వచ్చింది.

ఇంట్లో "నా బరువు 40 కిలోలు" అన్నందుకు పిల్లల్ని దిద్దకండి, ఆ మాటలో తప్పేం లేదు. పేపర్లో ఏ మాట అడిగారో చూసి రాయమనండి చాలు. ఈ ప్రశ్నకు మార్కు పోయిన వాళ్లందరికీ వచ్చే సోమవారం ల్యాబ్‌లో స్ప్రింగ్ త్రాసు ఇస్తాం. తమ పుస్తకాల సంచి భారాన్ని తామే కొలిచి న్యూటన్లలో రాస్తే ఆ మార్కు తిరిగి కలుపుతాం. సంచి మామూలుగా రోజూ తెచ్చేదే పంపండి, ఆ అంకె నేనూ చూడాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు