ల్యాప్‌టాప్ సౌండ్ చిటపటలకు మా ఊరి ఉప్పుగాలి కారణం కాదు

ద్వారకానగర్,
విశాఖపట్నం.

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: ల్యాప్‌టాప్‌లలో చిటపటలు, ‘టప్’ మోతలు, జాబ్‌షీట్‌లో రాసిన కారణం తప్పు, సరైన డ్రైవర్ (పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఇవ్వాలని, లేకుంటే డబ్బు వాపసు చేయాలని.

ఆర్యా,

చూపులేని విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకాలు చదివి రికార్డు చేసే బృందం మాది. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోం. ఈ పనికోసం మీ కంపెనీ ల్యాప్‌టాప్‌లు ఒకే మోడల్‌వి కొన్నాం. అన్నిటిలోనూ అదే చప్పుడు. మీ సర్వీస్ సెంటర్ వారు జాబ్‌షీట్ మీద ‘తీరప్రాంతపు తేమ వల్ల తుప్పు, ఎర్తింగ్ లోపం, వారంటీ వర్తించదు’ అని రాసి, మదర్‌బోర్డు మార్చాలంటే డబ్బు కట్టమన్నారు. ఆ రాత ఎందుకు తప్పో ఈ ఉత్తరంలో వివరిస్తున్నాం. మీ ఇంజినీర్లు ఈ పరీక్షలన్నీ తామే చేసి చూసుకోవచ్చు. దేనికీ స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు.

ముందు తుప్పు సంగతి. విశాఖలో ఉప్పుగాలి లోహాన్ని తింటుందన్నది నిజమే. సముద్రానికి దగ్గరున్న ఇళ్లలో హెడ్‌ఫోన్ జాక్ లోపలి రేకులకు చిలుం పట్టడం ఇక్కడ అందరికీ తెలుసు. అయితే చిలుం పట్టిన జాక్ చేసే చప్పుడు వేరు. పిన్నును వేళ్లతో తిప్పుతుంటే గరగర హెచ్చుతగ్గులవుతుంది, ఒక చెవిలో శబ్దం పోయి మళ్లీ వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పిన్నుకు రాసి, మెషిన్ ఆపేసి, జాక్‌లో నాలుగైదు సార్లు పెట్టి తీస్తే చాలావరకు పోతుంది కూడా. మా ల్యాప్‌టాప్‌లలో తిప్పినా తుడిచినా తేడా లేదు. పైగా అదే చిటపట హెచ్‌డీఎంఐ కేబుల్ పెడితే టీవీ స్పీకర్లలోనూ వస్తోంది, యూఎస్‌బీ హెడ్‌సెట్‌లోనూ వస్తోంది. ఆ రెండు దారుల్లో శబ్దం జాక్ వైపు రాదు, బోర్డు మీది అనలాగ్ సౌండ్ చిప్ గుండా కూడా పోదు. జాక్‌కు తుప్పు పడితే టీవీలో చిటపట ఎలా వస్తుంది?

ఎర్తింగ్ లోపమైతే వినబడేది 50 హెర్ట్జ్‌లు, దాని రెట్లయిన 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర ఆగకుండా ఒకే తీరున వచ్చే హమ్మింగ్. మాది అది కాదు. అడాప్టర్ తీసేసి, మరే వైరూ తగిలించకుండా, బ్యాటరీ మీద నడిపినా చిటపట అలాగే ఉంది. కరెంటు లైనుకు తగలని యంత్రంలో ఎర్తింగ్‌ను తప్పుపట్టడం ఎలా?

అసలు ఇక్కడ ఉన్నవి రెండు వేర్వేరు లోపాలు. మీవాళ్లు రెండిటినీ కలిపేసి చూడటం వల్లే ఏదీ తేలలేదు.

మొదటిది, మాట్లాడుతుండగా మధ్యమధ్య పడే చిటపట. రికార్డింగ్‌ను ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ ప్రోగ్రామ్‌లో తెరిచి, చప్పుడు పడ్డచోట బాగా పెద్దది చేసి చూస్తే తరంగం నిట్టనిలువుగా తెగి, కాస్త తర్వాతి భాగం నుంచి మళ్లీ మొదలవుతుంది. అంటే అక్కడ కొత్త చప్పుడేదీ కలవలేదు, ఉండాల్సిన శాంపిళ్లే (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలు) పోయాయి. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన విండోస్ ఆడియో ఇంజన్ మామూలుగా 10 మిల్లీసెకన్లకు ఒక విడత, అంటే 480 శాంపిళ్లు అందిస్తూ పోవాలి. ఒక విడత అయిపోయేలోగా తర్వాతిది అందకపోతే చిటపట. అందకపోవడానికి కారణం లేటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను కాసేపు నడిపితే కనబడుతుంది. డ్రైవర్ల ట్యాబ్‌లో ‘హయ్యెస్ట్ ఎగ్జిక్యూషన్’ వరుసను పెద్దది మొదలుకొని పేర్చి చూడండి. పైన నిలిచేది సౌండ్ డ్రైవర్ కాదు, మీరిచ్చిన వైఫై డ్రైవర్. డ్రైవర్లు ఇలా ప్రాసెసర్‌ను పట్టుకునే పనిని డీపీసీ అంటారు. అది నడుస్తున్నంతసేపూ ప్రాసెసర్‌లోని ఆ భాగం (కోర్) మీద ఆడియో పని కదలదు. ఒక్కో డీపీసీ 100 మైక్రోసెకన్లు (0.1 మిల్లీసెకను) దాటకూడదని డ్రైవర్లు రాసేవారికి మైక్రోసాఫ్ట్ చెప్పే మాట. మీ వైఫై డ్రైవర్ మిల్లీసెకన్ల కొద్దీ తీసుకుంటోంది.

డివైస్ మేనేజర్‌లో వైఫై అడాప్టర్‌ను డిజేబుల్ చేసి, లాన్ కేబుల్‌తో పని చేస్తే చిటపట పూర్తిగా ఆగిపోతుంది. ఎనేబుల్ చేస్తే తిరిగి వస్తుంది. అదే ల్యాప్‌టాప్‌ను విండోస్ బదులు, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్‌తో (లైవ్ పెన్‌డ్రైవ్) బూట్ చేసి, వైఫై ఆన్‌లో ఉంచి, అదే మైకుతో రికార్డు చేస్తే ఒక్క చిటపట లేదు. బోర్డులో లోపముంటే ఇక్కడా రావాలి కదా.

ఫోన్ చేసినప్పుడల్లా మీ సపోర్ట్ వారు సౌండ్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేయమంటున్నారు. మీ డ్రైవర్ బదులు విండోస్‌తో వచ్చే ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ డ్రైవర్ వేసి కూడా చూశాం. చిటపట పోలేదు, కాబట్టి ఇక ఆ సలహా వద్దు. బఫర్ (శబ్దాన్ని ముందుగా నిల్వ ఉంచుకునే చోటు) పెంచమన్నారు. 48,000 దగ్గర 256 శాంపిళ్లంటే 5.3 మిల్లీసెకన్లు, 1,024 అంటే 21.3. అంత పెంచితే పాఠం వినేటప్పుడు చిటపట తగ్గుతుంది గానీ, చదివేవారికి హెడ్‌ఫోన్‌లో తమ గొంతు రానూపోనూ కలిపి 40 మిల్లీసెకన్లకు పైగా వెనకబడి వినిపిస్తుంది. అలా వింటూ నిలకడగా చదవడం కష్టం. పైగా లెక్కల పాఠంలో ఒక అంకె మీద చిటపట పడితే వినే పిల్లవాడికి ఆ లెక్కే పోతుంది. పుస్తకం చూసి సరిచేసుకునే వీలు వాడికి లేదు.

రెండోది ‘టప్’ మోత. శబ్దం మొదలయ్యే క్షణాన ఒకసారి, ఆగిన 10 సెకన్లకు మరోసారి వస్తుంది. ఇది స్పీకర్‌లోనూ జాక్‌లోనూ మాత్రమే ఉంది, హెచ్‌డీఎంఐలో లేదు. పని లేనప్పుడు మీ డ్రైవర్ సౌండ్ చిప్‌ను నిద్రపుచ్చుతోంది. అప్పుడు అవుట్‌పుట్ లైను మీద నిలిచి ఉన్న వోల్టేజీ ఒక్కసారిగా పడిపోతుంది, లేచేటప్పుడు ఒక్కసారిగా ఎక్కుతుంది. ఆ కుదుపే మోత. ముందు మ్యూట్ చేసి, వోల్టేజీని మెల్లగా దించి, ఆ తర్వాత నిద్రపుచ్చితే ఇది రాదు.

విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో సౌండ్ డ్రైవర్ కీ కింద పవర్‌సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్‌ఐడిల్‌టైమ్, కన్సర్వేషన్‌ఐడిల్‌టైమ్ అని రెండు విలువలుంటాయి. మొదటిది కరెంటు మీద నడిచేటప్పటిది, రెండోది బ్యాటరీ మీద. రెండూ సెకన్లలో. రెండిటినీ సున్నా చేసి రీస్టార్ట్ చేస్తే మోత ఉండదు. కానీ మీ డ్రైవర్ కొత్తది దిగినప్పుడల్లా ఆ విలువలు మళ్లీ 10కి వచ్చేస్తున్నాయి. లైనక్స్‌లోనూ ఇంతే. దాని సౌండ్ డ్రైవరైన ఎస్‌ఎన్‌డీ హెచ్‌డీఏ ఇంటెల్ మాడ్యూల్‌లో పవర్ సేవ్ విలువ 0 అయితే మోత లేదు, 10 అయితే ఉంది. చెడిపోయిన భాగమైతే ఒక అంకె మార్చగానే బాగుపడదు.

ఈ మోతను చిన్న విషయంగా చూడకండి. మా బృందంలో చూపులేనివారు తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో పని చేస్తారు. అది చిన్నచిన్న ముక్కలుగా మాట్లాడి ఆగుతుంది. ఆగి 10 సెకన్లు దాటిన ప్రతిసారీ చిప్ నిద్రపోతుంది, లేచేసరికి మొదటి అక్షరం వినబడకుండా పోతుంది, పైన టప్పుమని మోత. మెనూలో ఏది ఎంచుకున్నారో వారికి తెలిసేది ఆ మొదటి అక్షరాలతోనే. వెనక నిశ్శబ్దపు ఫైల్ ఒకటి లూప్‌లో ఆడిస్తూ నెట్టుకొస్తున్నారు. దానివల్ల చిప్ నిద్రపోదు గానీ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది.

కాబట్టి మా కోరికలు ఇవి. డీపీసీ ఆలస్యం సరిచేసిన వైఫై డ్రైవర్ ఇవ్వండి, అది మీ చేతిలో లేకపోతే వేరే వైఫై కార్డు వేసి ఇవ్వండి. చిప్ నిద్రను వాడేవారే ఆపుకునేలా మీ ఆడియో సెట్టింగుల ప్రోగ్రామ్‌లో ఒక స్విచ్ పెట్టండి, డ్రైవర్ మారినా అది చెరిగిపోకూడదు. జాబ్‌షీట్‌లో తుప్పు, ఎర్తింగ్ అన్న మాటలు కొట్టివేసి వారంటీ కొనసాగుతుందని రాసివ్వండి. ఈ రాత అలాగే ఉంటే రేపు కీబోర్డు పోయినా ఉప్పుగాలే అంటారు. కొత్త డ్రైవర్ వచ్చేదాకా మేం రిజిస్ట్రీలో చేసే మార్పు వారంటీకి అడ్డు కాదని కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. ఇవేవీ కుదరకపోతే ల్యాప్‌టాప్‌లు తీసుకుని మొత్తం డబ్బు వాపసు చేయండి.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు కావాలి. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మీ ఆఫీసు ఎక్కడున్నా ఫిర్యాదుదారు ఉండే జిల్లాలో కేసు వేయడానికి సెక్షన్ 34 వీలిస్తుంది. మేం చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి రుసుము కూడా లేదు.

బిల్లు, జాబ్‌షీట్ నకళ్లు, లేటెన్సీమాన్ స్క్రీన్‌షాట్లు, వైఫై ఆన్‌లోనూ ఆఫ్‌లోనూ ఒకే పేరా చదివిన రికార్డింగులు జతచేశాం. మీ ఇంజినీరు వస్తానంటే ల్యాప్‌టాప్‌లు, లైవ్ పెన్‌డ్రైవ్, లాన్ కేబుల్, హెచ్‌డీఎంఐ టీవీ ఇక్కడే సిద్ధంగా ఉంటాయి. అన్ని పరీక్షలూ గంటలోపే అయిపోతాయి.

ఇట్లు,
ఆడియో పాఠాల రికార్డింగ్ బృందం సభ్యులు