ఈ వానలకు తెల్లపొణికి మొక్కలు

గ్రూపు సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి వేప, కానుగలతో పాటు తెల్లపొణికి కూడా నాటుదామని నా కోరిక. బొమ్మల కొలువులో మనం ముచ్చటగా పేర్చే కొండపల్లి దశావతారాలు, ఏనుగు అంబారీ, ఎడ్లబండి అన్నీ ఆ కర్రతో చేసినవే. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు, అంత తేలిక. ఆ కర్ర కొండపల్లి ఊరిని ఆనుకున్న కొండల మీది అడవి నుంచే వచ్చేది. నరికిన వేగంతో చెట్లు పెరగలేదు. ఇప్పుడు కళాకారులు కర్ర కోసం వెతుక్కోవలసి వస్తోంది. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో చేతులూ కాళ్లూ అతికించే నేర్పు తరతరాలుగా వారి ఇళ్లలో ఉంది. కర్రే లేకపోతే ఆ నేర్పు ఏమవుతుంది? అడవి అనగానే పులులు, గాలి, వాన గురించి మాట్లాడతాము, అదీ నిజమే. నాకు మాత్రం ముందు ఆ కుటుంబాలే గుర్తొస్తాయి.

దీని గింజ పెంకు గట్టిది, సులభంగా మొలకెత్తదు. అందుకే ఇప్పుడే మొదలుపెట్టాలి. నారు పెంచిన అనుభవం ఉన్నవారు, పొలం గట్టున చోటు ఇవ్వగలవారు ఆదివారంలోగా ఇక్కడే తెలియజేయండి. అడవిలోని చెట్ల నుంచి మాత్రం ఎవరూ అనుమతి లేకుండా గింజలు కోయవద్దు.